ఆ ట్యూబ్ సంగతి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరసలో కూర్చుని భోజనాలు ఎప్పుడని ఇప్పట్నించే అడుగుతున్న 1986 బ్యాచి వాళ్ళకి నమస్కారం. మీ గొంతులు ఇక్కడికి వినబడుతున్నాయి, నలభై ఏళ్ళయినా మారలేదు.

కార్యదర్శి గారు నన్ను "సాంకేతిక రంగంలో మన పూర్వ విద్యార్థుల పాత్ర" అనే విషయం మీద మాట్లాడమన్నారు. సరే అన్నాను. పవర్‌పాయింట్ కూడా తయారుచేసుకున్నాను. కానీ కిందటి నెల ఒకరు నన్నొక ప్రశ్న అడిగారు. ఆ ప్రశ్న మొదటిసారి అడిగింది నేను, 1985లో, ఆయన్నే. అప్పుడు ఇద్దరికీ జవాబు తెలీదు. ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి, పవర్‌పాయింట్ పక్కన పెట్టి ఆ జవాబు చెప్పుకుంటాను. కార్యదర్శి గారు మన్నించాలి.

పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అని ఒక పథకం పెట్టింది. కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్ అన్నది పూర్తి పేరు. ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి చేశాయి. మొదటి ఏడు దేశం మొత్తానికి 250 బళ్ళు. తర్వాత ఏడాదికి కొన్ని చొప్పున కలుపుకుంటూ పోయారు. మన బడికి 1985లో దసరా సెలవులయ్యాక, పైడితల్లమ్మ సిరిమాను అయిన వారంలో వచ్చాయి, రెండు కంప్యూటర్లు. రైల్వే పార్సిల్ ఆఫీసు నుంచి రిక్షాలో పరుపులు పరిచి తెచ్చారు. రిక్షా వెనక మేం పరుగు. మూడు లాంతర్ల దగ్గర రిక్షా చక్రం గోతిలో పడితే, మాస్టారు "అయ్యో" అన్న కేక గంటస్తంభం దాకా వినబడి ఉంటుంది.

ఆ గది మీరెవరూ మరిచిపోయి ఉండరు. చెప్పులు బయట. తలుపు వెనక స్టెబిలైజరు గుర్రుమంటూ ఉండేది. యంత్రాల మీద మాస్టారి భార్యగారు కుట్టి ఇచ్చిన నీలం గుడ్డ తొడుగులు. మనిషికి వారానికి పది నిమిషాలు, అందులో కరెంటు పోయిన నిమిషాలు పోగా మిగిలినవి. ప్రోగ్రాం ఎక్కించడానికి టేపురికార్డరు పెడితే అది కీచుమని అరిచేది. మన అటెండరు మొదటి రోజు గుమ్మంలో నిలబడి, "బాబూ, ఇదేటి, టీవీయా, టైపు మిసనా?" అని అడిగాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో కంప్యూటరుకి అంతకంటే సరైన నిర్వచనం నేను వినలేదు.

మా సైన్సు మాస్టారికి మూడు వారాల ట్రైనింగు ఇచ్చి పంపారు. మూడు వారాల్లో ఎంత నేర్పుతారు? బేసిక్ భాష, టేపు పెట్టడం, తీయడం, రిజిస్టరు రాయడం. మిగతాదంతా మాతో కలిసి నేర్చుకున్నారు. తెలీనిదాన్ని "తెలీదురా" అనేవారు. ఆ రోజుల్లో ఉపాధ్యాయులు అంత తేలిగ్గా ఆ మాట అనేవారు కాదు. ఈ రోజుల్లో మేనేజర్లు అసలే అనరు.

డిసెంబరులో అనుకుంటాను, ఒక మెషీన్లోకి చీమలు దూరాయి. మాస్టారు దాన్ని బల్ల మీద బోర్లా తిప్పించి, బ్రష్షు ఇచ్చి నన్ను దులపమన్నారు. అప్పుడు చూశాను దాని అడుగు భాగం. ముందు అంచు పొడవునా వరసగా గాడులు. లోపల బంగారు రంగు సూదుల బారులు. ఒక్కోదాని పక్కన పేరు అచ్చు వేసి ఉంది. డిస్క్ డ్రైవ్ అని ఒకటి. ప్రింటర్ అని ఒకటి, మాకున్నది అదొక్కటే, ప్రింటరు దానికే తగిలించేవాళ్ళం. యూజర్ పోర్ట్. ఒక మెగాహెర్ట్జ్ బస్. అన్నిటికన్నా వెడల్పుది చివర్న, నలభై సూదులది. దాని పేరు ట్యూబ్.

ఆ రోజు ఆ గదిలో పెద్ద చర్చ నడిచింది. ట్యూబ్ లైటు తగిలించుకోవడానికని ఒకడు. సైకిల్ ట్యూబులాంటిదేదో గాలి కొట్టడానికి, లోపల చల్లబడాలి కదా అని ఇంకొకడు. వాడిప్పుడు పెద్ద డాక్టరు, ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. నేను మాస్టార్ని అడిగాను, "మాస్టారూ, ట్యూబ్ అంటే ఏమిటి?" అని.

"తెలీదురా. కనుక్కుందాం" అన్నారు.

ఊరికే అనలేదు. ట్రైనింగు ఇచ్చిన చోటికి ఇన్‌లాండ్ లెటరు రాశారు. జవాబు రాలేదు. సంక్రాంతి తర్వాత జవాబు కార్డు పెట్టి రాశారు, అవతలివాళ్ళకి కానీ ఖర్చు ఉండకూడదని. ఆ కార్డూ తిరిగి రాలేదు. పరీక్షలు వచ్చాయి. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది.

ఆగిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పకుండా ముందుకెళ్తే ఈ ప్రసంగం దండగ.

జిల్లా సైన్స్ ఫెయిర్ వస్తోంది. మూడు లాంతర్ల జంక్షన్ నమూనా చేసి, మూడు టార్చి బల్బులు పెట్టి, కంప్యూటరుతో ట్రాఫిక్ లైట్లలాగ వెలిగించి ఆర్పాలని నా ఆలోచన. యూజర్ పోర్టు ఉన్నది అలాంటి వాటికేనని మాన్యువల్లో మాస్టారే చూపించారు. "కానీ ఆ సూది నుంచి వచ్చే కరెంటు బల్బుకి చాలదు, మధ్యలో ట్రాన్సిస్టరు ఉండాలి. ఎస్ఎల్ 100 తెప్పిస్తాను, అందాకా ఏదీ కలపకు" అన్నారు. మన ఊళ్ళో రేడియో రిపేరు షాపులో అది అయిపోయింది. వైజాగ్ నుంచి రావాలి. ఫెయిర్ ఇంకా వారం ఉంది. ఒక మధ్యాహ్నం మాస్టారు డ్రాయింగు పరీక్షకి ఇన్విజిలేషన్‌కి వెళ్ళారు. తాళం నా దగ్గరే ఉంది, నా మీద అంత నమ్మకం. నేను తొమ్మిది వోల్టుల ట్రాన్సిస్టర్ బ్యాటరీ, బల్బు, రెండు వైర్లు పట్టుకుని కూర్చున్నాను. సూదికి కరెంటు చాలకపోతే బ్యాటరీ ఇస్తుంది కదా అనుకున్నాను. ఇందులో తప్పేమిటో ఇక్కడున్న ఇంజనీర్లకి అర్థమైంది. మిగతావాళ్ళకి: ఆ సూది వెనకున్న చిప్పు అయిదు వోల్టులకి పుట్టింది. దానికి తొమ్మిది పెట్టడమంటే పసిపిల్లకి పెద్దవాళ్ళ డోసు మందు పోసినట్టే.

చప్పుడేమీ కాలేదు. పొగ రాలేదు. బల్బు వెలగలేదు, అంతే. వైర్లు పీకేసి, మెషీన్ని మామూలుగా పెట్టేసి, తొడుగు వేసి వచ్చేశాను. మర్నాడు ప్రింటరు పనిచేయలేదు. యూజర్ పోర్టుకీ ప్రింటరుకీ లోపల ఒకటే చిప్పు అని నాకు తెలిస్తే కదా.

మాస్టారు క్లాసులో అడిగారు, "ఎవరైనా ఏమైనా కలిపారా?" అని. నేను తల ఎత్తలేదు. ఆయన రెండోసారి అడగలేదు.

నేను పదో తరగతి పాసయ్యి, మహారాజా కాలేజీలో ఇంటరు, తర్వాత కాకినాడలో ఇంజనీరింగు, ఆ పైన హైదరాబాదు. ఆ సంగతి అప్పుడప్పుడు గుర్తొచ్చేది. గుర్తొచ్చినప్పుడల్లా ఒక ప్రింటరే కదా అనుకునేవాణ్ణి.

ఈ జూన్‌లో మన కోశాధికారి ఫోన్ చేశాడు. "పాత బ్లాకు పడగొట్టేస్తున్నార్రా. ల్యాబు వెనక గదిలో ఇనప బీరువా ఉంది. మన కంప్యూటర్లు రెండూ అందులోనే ఉన్నాయి. సామాన్లవాడు కిలోల లెక్కన బేరం చెప్పేశాడు. సావనీరుకి ఫొటో కావాలంటే ఈ వారంలో రా." వచ్చాను. బీరువా తీస్తే రెండు మెషీన్లు, బల్లి గుడ్లు, నీలం తొడుగులు. వాటి కింద స్టాక్ రిజిస్టరు.

రిజిస్టరు తిరగేశాను. 1986 వేసవిలో ఒక ఎంట్రీ ఉంది. ఒక మెషీన్ ప్రింటరు భాగం చెడిపోవడం ఉపాధ్యాయుడి అజాగ్రత్త అని పై ఆఫీసు తేల్చిందట. మరమ్మతు ఖర్చు 480 రూపాయలు, నెలకి 80 చొప్పున ఆరు నెలలు ఆయన జీతంలోంచి కోత. కింద ఆరు సంతకాలు, ఆరు తేదీలు. మరమ్మతు మాత్రం జరిగినట్టు ఎక్కడా రాసి లేదు. ఆ రోజుల్లో బడిపంతులుకి నెలకి ఎనభై రూపాయలంటే ఏమిటో ఇక్కడున్న టీచర్లకి నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు.

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి వెళ్ళాను. ఆయనకి ఎనభై ఆరు. వినికిడి కాస్త తగ్గింది, మిగతాదంతా బాగుంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది కాబట్టి పక్కింటివాళ్ళు కూడా విని ఉంటారు. ఆయన అంతా విని, "ఎనభయ్యా? ఏమో, గుర్తులేదు. ఆ ఏడు ఇంక్రిమెంటు కూడా కలిసింది, తెలిసి ఉండదు" అన్నారు. ఓదార్చడానికి అన్నారో, నిజంగానే గుర్తులేదో నాకు ఇప్పటికీ తెలీదు. కాఫీ వచ్చింది. గ్లాసు నాకందిస్తూ అడిగారు:

"అదలా ఉంచు. ఇంతకీ ఆ ట్యూబ్ సంగతి తెలిసిందా?"

మాస్టారూ, సభలో చెప్తానన్నాను కదా. ఇప్పుడు చెప్తున్నాను. వినబడకపోతే చెయ్యెత్తండి.

మన మెషీన్ పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో ఎకార్న్ అనే చిన్న కంపెనీ చేసింది. మీరప్పట్లో ఇవి హైదరాబాద్ ఈసీఐఎల్‌వి అయుంటాయనేవారు. అలా అనుకోవడంలో తప్పులేదు. అప్పటికి మన దేశంలో కంప్యూటరు అంటే ఈసీఐఎల్లే. మన పశ్చిమగోదావరి జిల్లాలో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో ఆ సంస్థని నిలబెట్టారు. అక్కడి టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో వచ్చింది. తర్వాత 312, 316. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చోట 316ని చూశాను, మూలన పడి ఉంది. బీరువా అంత ఎత్తు. ఎవరైనా అడిగితే పక్కనున్న ఫ్యాను స్టాండుని చూపించేవారు గాని దాన్ని చూపించేవారు కాదు. బీబీసీ మైక్రోల సంగతి వేరు. మొదట ఇంగ్లండువే వచ్చాయి. తర్వాత పంజాబులో మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ సంస్థ ఒప్పందం చేసుకుని ఇక్కడే కూర్చడం మొదలుపెట్టింది. 1989 ఫిబ్రవరిలో ఆ సంస్థ చిప్పుల ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అదింకో పెద్ద కథ, తలుచుకుంటే నాలాంటివాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. ఇవాళ వద్దు.

ఎకార్న్ సంగతికొస్తాను. 1981లో బీబీసీ వాళ్ళు టీవీలో కంప్యూటర్ పాఠాలు చెప్పాలనుకున్నారు. పాఠానికి ఒక యంత్రం కావాలి. ఎకార్న్ దగ్గర ప్రోటాన్ అనే యంత్రం ఉంది. ఉందంటే కాగితం మీద ఉంది. బీబీసీ వాళ్ళు శుక్రవారం చూడ్డానికి వస్తామన్నారు. ఆ రోజు సోమవారం. కంపెనీ యజమానుల్లో ఒకాయన హెర్మన్ హౌసర్. స్టీవ్ ఫర్బర్‌కి ఫోన్ చేసి "వారంలో అవుతుందా?" అని అడిగాడు. కాదన్నాడు. "సోఫీ అవుతుందంది మరి" అన్నాడు. సోఫీ విల్సన్‌కి ఫోన్ చేసి "ఫర్బర్ అవుతుందన్నాడు" అన్నాడు. ఇంజనీర్లని బుట్టలో వేసే ఈ పద్ధతి అప్పటికే ఉందన్నమాట. నా మీద కనీసం మూడుసార్లు ప్రయోగించారు.

ఆ అయిదు రోజుల్లో వాళ్ళు చేసిందే బీబీసీ మైక్రో ప్రోటోటైపు. మొదటి నమూనా అంటే అచ్చు వేసిన బోర్డు కాదు. చిప్పుల కాళ్ళకి సన్న తీగలు చేత్తో చుట్టి ఒకదానికొకటి కలపడమే. వందల తీగలు. ఆ తీగలు చుట్టినవాడు రామ్ బెనర్జీ. ఆ పనిలో అతని వేగం గురించి ఫర్బర్ ఇప్పటికీ చెప్తుంటాడు. శుక్రవారం తెల్లవారినా అది పలకలేదు. చివరికి హౌసర్, దాన్ని ఇంకో యంత్రానికి కలిపి ఉంచిన గడియారపు తీగని తీసేసి చూడమన్నాడు. ఇంజనీరు కానివాడి సలహా. తీసేశారు. పలికింది. బీబీసీ వాళ్ళు వచ్చేసరికి తెరమీద ఏదో కదులుతోంది. వాళ్ళు చూస్తుండగానే విల్సన్ బేసిక్ ఎక్కించింది. ఆ డిసెంబరుకి మెషీన్లు బజారులోకి వచ్చాయి. అన్నీ కలిపి పదిహేను లక్షల పైచిలుకు అమ్ముడుపోయాయి. అందులో రెండు మన బీరువాలో.

మరి ట్యూబ్? ప్రోటాన్ గీస్తున్నప్పుడు వాళ్ళలో వాళ్ళకి ఒక తగువు ఉండేది. కొందరికి చవకైన యంత్రం కావాలి. కొందరికి పెద్ద పనులు చేసే శక్తివంతమైన యంత్రం కావాలి. రాజీగా చవకది చేసి, పెద్దదాన్ని పక్కన తగిలించుకోవడానికి ఒక దారి వదిలారు. ఆ దారే ట్యూబ్.

పెళ్ళింటిని తలుచుకోండి. వాకిట్లో కొందరు వచ్చినవాళ్ళని పలకరించి, కూర్చోబెట్టి, వడ్డిస్తారు. పెరట్లో వంటవాడు వంట చేస్తాడు. మధ్యలో ఒక కిటికీ. వడ్డించేవాడు గిన్నె కిటికీలో పెడతాడు, వంటవాడు నింపి అదే కిటికీలో పెడతాడు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. మన మెషీన్‌కి ట్యూబ్ తగిలిస్తే మెషీన్ వాకిలైపోతుంది. కీబోర్డు, తెర, ప్రింటరు అది చూసుకుంటుంది. పెరట్లో ఇంకో ప్రాసెసరు, దాని సొంత మెమొరీతో, వంట మాత్రమే చేస్తుంది. కిటికీలో నాలుగు అరలు. ఆ వంటవాణ్ణి మార్చుకోవచ్చు, అదీ దాని గొప్ప. ఇంకో 6502 పెట్టుకోవచ్చు. జెడ్80 పెట్టుకుని ఆఫీసు ప్రోగ్రాములు నడుపుకోవచ్చు. 32016 అనే పెద్ద చిప్పు పెట్టుకోవచ్చు. ఇవన్నీ ఎకార్న్ పెట్టెల్లో పెట్టి అమ్మింది. మన దాకా ఒక్కటీ రాలేదు.

అమ్మనివి కూడా ఉన్నాయి. 1984 చివర్లో ఎకార్న్ బిజినెస్ కంప్యూటర్ అని ఒక వరస చూపించారు. పక్కన తగిలించే పెట్టెని లోపలే పెట్టేసి, పొట్ట కాస్త పెద్దది చేసిన బీబీసీ మైక్రోలు. ఈలోగా కంపెనీ డబ్బుకి కటకటలాడింది. 1985 ఫిబ్రవరిలో ఇటలీ ఒలివెట్టి వచ్చి సగం దగ్గర వాటా తీసుకుంది. ఆ వరసలో ఒక్కటి వేరే పేరుతో కొద్దిగా అమ్ముడుపోయింది, మిగతావి దుకాణం మొహం చూడలేదు. నేను నా సర్వీసులో చేసిన బోర్డులు తొమ్మిది. అందులో ఆరింటికి అదే గతి. వాటిలో ఒకటి నా భార్య పూజగది పక్కన గోడ గడియారానికి వెనక అట్టగా ఉపయోగపడుతోంది. కాబట్టి బయటికి రాని యంత్రాల మీద నాకు కొంచెం ఎక్కువ ప్రేమ.

ఇప్పుడు అసలు సంగతి. 1983లో విల్సన్, ఫర్బర్ తరువాతి యంత్రానికి ప్రాసెసరు వెతుకుతున్నారు. బజారులో ఉన్నవేవీ నచ్చలేదు. 6502 వంశాన్ని పెంచుతున్న బిల్ మెన్ష్‌ని చూడ్డానికి అమెరికాలో అరిజోనా వెళ్ళారు. పెద్ద ఫ్యాక్టరీ ఉంటుందనుకుంటే మామూలు ఇంట్లో కొద్దిమంది కూర్చుని చిప్పు గీస్తున్నారు. వీళ్ళు చేయగలిగితే మనమూ చేయగలం అనుకుంటూ తిరిగొచ్చారు. విల్సన్ ఆదేశాలు రాసింది, ఫర్బర్ లోపలి నిర్మాణం గీశాడు. చిప్పు ఎలా నడవాలో మొత్తం నమూనాని బేసిక్ భాషలో రాసుకున్నారు. మాస్టారూ, మీరు మాకు పది నిమిషాల చొప్పున నేర్పిన ఆ బేసిక్కే.

ఇరవై అయిదు వేల ట్రాన్సిస్టర్లు. నేను ఒక్క ఎస్ఎల్ 100 కోసం వారం ఆగలేకపోయాను. చిప్పు ఫ్యాక్టరీ నుంచి 1985 ఏప్రిల్ 26న కేంబ్రిడ్జికి వచ్చింది. దాన్ని పరీక్షించడానికి ఒక బోర్డు మీద పెట్టి, ఆ బోర్డుని బీబీసీ మైక్రో అడుగున ట్యూబ్‌కి తగిలించారు. మొదటిసారే పనిచేసింది. ఫర్బర్‌కి అది ఎంత కరెంటు తాగుతోందో చూడాలనిపించి మీటరు పెట్టాడు. మీటరు సున్నా చూపించింది. మీటరు పాడైందనుకున్నాడు. మీటరు బాగానే ఉంది. బోర్డులో తప్పు వల్ల చిప్పుకి అసలు సప్లయే అందడం లేదు. పక్క చిప్పుల నుంచి సంకేతాల తీగల గుండా కారే కరెంటుతోనే నడిచేస్తోంది. ఇది ఆయన చాలా సభల్లో చెప్పిన కథే. విన్న ప్రతిసారీ నేను నవ్వుతాను, తర్వాత నా తొమ్మిది వోల్టులు గుర్తొచ్చి నవ్వు ఆగిపోతుంది.

ఆ చిప్పు పేరు ఏఆర్ఎం. మరుసటేడు దాన్ని ట్యూబ్‌కి తగిలించుకునే పెట్టెగా ప్రోగ్రాములు రాసేవాళ్ళకి అమ్మారు. 1990 నవంబరులో ఎకార్న్, ఆపిల్, ఆ చిప్పుని అచ్చు వేసిన వీఎల్ఎస్ఐ కలిసి దానికోసమే వేరే కంపెనీ పెట్టాయి. అంత తక్కువ కరెంటుతో బతికే చిప్పు కాబట్టి బ్యాటరీ మీద నడిచే వాటన్నిటికీ అదే సరిపోయింది. ఇప్పుడు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళ చేతుల్లో ఉన్నది దాని మనవలే. నా ఉద్యోగమంతా దానితోనే. పాతికేళ్ళు దాని కూడే తిన్నాను. అది మొదట ఊపిరి పీల్చింది ఏ సూదుల బారు మీదో నాకు తెలిసింది చాలా ఆలస్యంగా, ఒక అర్ధరాత్రి పాత ఇంటర్వ్యూ చదువుతుంటే. మన చీమల మెషీన్ గుర్తొచ్చి లేచి కూర్చున్నాను.

అది మన బడికి రావడానికి ఆరు నెలల ముందు జరిగిందంతా. మీరు జవాబు కార్డు రాసే రోజుకి ప్రపంచంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు బహుశా ఒక హాలు నిండరు. మీకు జవాబు రాయకపోవడం వాళ్ళ తప్పే గాని, రాసేవాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

ఇక మన మెషీన్ల సంగతి. ఫొటో తీసుకుని వెళ్ళిపోదామనుకున్నవాణ్ణి, రిజిస్టరు చూశాక రెండింటినీ హైదరాబాదు పట్టుకుపోయాను. సామాన్లవాడికి కిలోల లెక్కనే డబ్బు కట్టాను. బేరమాడలేదు. ఇలాంటి పాత యంత్రాలు ఎవరింట్లోనైనా ఉంటే ఒక మాట వినండి, వెంటనే ప్లగ్గులో పెట్టకండి. వీటి పవర్ సప్లైలో రెండు పసుపచ్చ కండెన్సర్లు ఉంటాయి. వయసు మీద పడి పగుళ్ళిస్తాయి, మన తీరప్రాంతపు తేమ లోపలికి పీలుస్తాయి. స్విచ్ వేసిన కాసేపటికి గదినిండా కంపు పొగ. అవి ముందే మార్చాను. ఒక మెషీన్ బోర్డు తుప్పుకి పోయింది. దాని భాగాలతో రెండోదాన్ని బతికించాను. నేను కాల్చిన చిప్పు 6522. తీసి పారేయలేదు, జేబులో ఉంది. దాని స్థానంలో కొత్త 6522 తెప్పించాను. అది ఇంకా తయారవుతోంది, ఎవరు చేస్తున్నారనుకున్నారు? అరిజోనాలో అదే బిల్ మెన్ష్ పెట్టిన కంపెనీ.

ప్రింటరు పోర్టు పనిచేస్తోంది మాస్టారూ.

ట్యూబ్‌కి తగిలించడానికి అసలు ఎకార్న్ పెట్టె దొరకలేదు. దొరికినా నా పెన్షన్ చాలేట్టు లేదు. కానీ ఈ మధ్య కొందరు ఔత్సాహికులు ఒక ఉపాయం కనిపెట్టారు. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో సగముండే కంప్యూటరు ఒకటి ఉంది. దాన్ని వోల్టేజీ సర్దే చిన్న బోర్డుతో ట్యూబ్ సూదులకి తగిలిస్తే, అదే పెరట్లో వంటవాడిలా పనిచేస్తుంది. 6502లా నటించమంటే నటిస్తుంది, జెడ్80లా అంటే అలా. ఆ రాస్ప్‌బెర్రీ పై లోపల ఉన్న చిప్పు ఏఆర్ఎం. మనవడు తాతగారి ఊరికి వచ్చినట్టు.

వోల్టేజీ సర్దే ఆ బోర్డు సోల్డరింగు చేసింది మన బడి తొమ్మిదో తరగతి అమ్మాయి. రెండు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం సగం పని చేశాక ఆగి, "అంకుల్, మీటరుతో చూడకుండా కలిపేస్తున్నారేంటి?" అని నన్ను అడిగింది. చూశాం. ఒక చోట రెండు సూదులు అతుక్కుపోయి ఉన్నాయి. మెషీన్‌కి ట్యూబ్‌తో మాట్లాడటం తెలియాలంటే లోపల ఇంకో రోమ్ చిప్పు కూడా ఉండాలి. దానికి తయారైనప్పటి నుంచి ఖాళీగా ఉన్న సాకెట్లు మదర్‌బోర్డు మీదే ఉన్నాయి. వాటిలో ఒకదానిలో పెట్టాం. ఇంకా ఖాళీలు ఉన్నాయి. డిస్క్ డ్రైవ్ చిప్పుకి ఖాళీ, మాటలు పలికే చిప్పుకి ఖాళీ. వాటి సంగతి ఆ అమ్మాయి చూసుకుంటానంది.

హెడ్‌మాస్టరు గారికి రెండు మనవులు. కొత్త బ్లాకులో సైన్సు ల్యాబులో ఒక బల్ల, ఒక ప్లగ్ పాయింటు ఇవ్వండి, గాజు బీరువా మాత్రం వద్దు. పిల్లలు దాన్ని బోర్లా తిప్పి చూడాలి. రెండోది, ఆ స్టాక్ రిజిస్టరు నా దగ్గరుంది. 1986 ఎంట్రీ పక్కన ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి నా సంతకం పెట్టడానికి అనుమతి కావాలి. పాత రికార్డు దిద్దకూడదని నిబంధన ఉందంటే దిద్దను, విడిగా కాగితం మీద రాసి అంటిస్తాను. 480 రూపాయలు మాస్టారు తీసుకోనన్నారు. ఇప్పటి విలువ లెక్కగట్టి కోశాధికారికి ఇచ్చాను. అది సోల్డరింగ్ ఐరన్లకి, మీటర్లకి, ట్రాన్సిస్టర్లకి మాత్రమే. సభ భోజనాల ఖర్చులో కలిపేయొద్దని మీ అందరి ముందు చెప్తున్నాను, వాణ్ణి నమ్మలేం.

మెషీన్ వేదిక పక్కనే బల్ల మీద ఉంది. నీలం తొడుగు పాతదే, ఉతికించాను. మాస్టారూ, లేవకండి, బల్లే మీ దగ్గరికి తెస్తారు. కింద బోర్డు తగిలించి ఉంది, టీవీ పెట్టాం, మీటరుతో రెండుసార్లు చూశాం. స్విచ్ వెనకాల ఉంది. వేయగానే పాత కూత వినబడుతుంది, ఆ తర్వాత తెర మీద పైన ఒక లైను వస్తుంది. అందులో రెండో మాట చదవండి.